పదివేల ఖాతాలు, ఐదు కోట్ల జతలు

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు పొంగింది. చెరువు కింది కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు కూడా ఇళ్లు మునిగాయి. వరద బాధితులకు ఇంటికి 10,000 రూపాయల సాయమని ప్రభుత్వం ప్రకటించింది. నెల తిరిగి, మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరిన సమయానికి జీహెచ్ఎంసీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపమంది. దీని వెనక ఒక ఉత్తరం ఉందంటూ దాని ఫొటో ఫోన్లలో తిరగడం మొదలైంది. సాయం ఆపాలని కోరుతూ అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ సంతకంతో ఉన్న ఉత్తరం అది. తాను రాయలేదని, సంతకం ఫోర్జరీ అని ఆయన అన్నారు. నవంబరు 20న చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి గుడికి వెళ్లి మరీ ఆ మాట చెప్పారు.

ఫోన్లో తిరిగిన కాగితం తనది కాదని చెప్పుకోవడానికి ఒక పార్టీ అధ్యక్షుడు గుడి మెట్లెక్కాల్సి వచ్చింది. జనం నమ్మే రుజువు చేతిలో ఇంకేదీ లేకపోతేనే ఆ అవసరం వస్తుంది.

డిసెంబరు 1న పోలింగ్ జరిగింది. 150 డివిజన్లలో బీజేపీకి 48 వచ్చాయి. 2016లో ఆ పార్టీ గెలిచినవి 4. ఎల్బీనగర్ వైపు డివిజన్లలో దానిదే పైచేయి. ఉత్తరం ఆ పార్టీని దెబ్బతీయడానికి పుట్టిందనుకుంటే పని కాలేదనాలి. సానుభూతి తెచ్చిపెట్టిందని వాదించేవాళ్లూ ఉంటారు. రెండు వాదనలూ టీ కొట్టు దగ్గర బాగుంటాయి గానీ లెక్కకు నిలవవు. ఒక పోస్టు ఎన్ని ఓట్లు మార్చిందన్నది డేటా విశ్లేషణ చెప్పగలిగిన విషయాల్లో అన్నిటికంటే కష్టమైనది. అందరూ ముందుగా అడిగేది మాత్రం అదే ప్రశ్న. కాస్త చిన్న ప్రశ్నలకైతే సంఖ్యలు బాగానే జవాబిస్తాయి. ఒకే మాట ఎన్ని నోళ్ల నుంచి వచ్చింది? ఎంత సేపట్లో వచ్చింది? ఆ నోళ్లు ఎప్పుడు పుట్టాయి? డబ్బు ఎవరు పెట్టారు?

ఒకే నిమిషంలో ఒకే మాట

ఒక ఊహాలెక్క వేద్దాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పేర్లు ప్రస్తావిస్తూ రాజకీయాలు రాసే ఖాతాలు 10,000 ఉన్నాయనుకోండి. ప్రతి ఖాతా రోజుకు ఒక్క పోస్టు పెడుతుంది. మనిషి మేలుకుని ఉండే 16 గంటల్లో, అంటే 960 నిమిషాల్లో, ఎప్పుడైనా పెట్టొచ్చు. మీకూ నాకూ సంబంధం లేదు. అయినా మన పోస్టులు రెండూ ఒకే నిమిషంలో పడే అవకాశం 960లో ఒక వంతు. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 10,000 ఖాతాలను ఇద్దరిద్దరి చొప్పున జత కడితే దాదాపు 5 కోట్ల జతలు వస్తాయి. 5 కోట్లను 960తో భాగించి చూడండి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకుండానే రోజుకు 52,000 జతలు ఒకే నిమిషంలో పోస్టు పెడతాయి.

ఈ లెక్క ఎందుకంటే, రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి ‘చూశారా, ఇద్దరూ 7 గంటల 42 నిమిషాలకే పెట్టారు, ఇదంతా కుట్ర’ అని టీవీలో చూపించే వాళ్లున్నారు. కుట్ర ఉందేమో గానీ ఆ రెండు స్క్రీన్‌షాట్లతో తేలదు.

ఇప్పుడు అదే జత వరసగా మూడు రోజులు, మూడుసార్లూ ఒకే నిమిషంలో కలిసిందనుకుందాం. 960ని మూడుసార్లు హెచ్చిస్తే 88 కోట్లు దాటుతుంది. మన దగ్గరున్నవి 5 కోట్ల జతలే కాబట్టి యాదృచ్ఛికంగా అలాంటి జత ఒక్కటి కూడా దొరక్కూడదు. వంద జతలు దొరికాయంటే అనుమానించాల్సిందే. సమన్వయాన్ని పట్టుకునే పద్ధతుల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ గుణకారాలూ భాగహారాలే. ఒకసారి కలవడం లెక్కలోకి రాదు, పదేపదే కలవడం వస్తుంది. పరిశోధకులు ఇలాంటి జతలన్నిటినీ గీతలతో కలిపి వల గీస్తారు. ఎక్కువ గీతలతో ముడిపడి గుబురుగా కనిపించే చోట ఆగి, ఖాతాలను ఒక్కొక్కటిగా చేత్తో విప్పి చూస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. జనం 960 నిమిషాల మీద సమానంగా పరుచుకుని పోస్టులు పెట్టరు. ఉప్పల్ స్టేడియంలో ఆఖరి బంతికి సిక్స్ పడినప్పుడూ, అసెంబ్లీలో ఒకరు నోరు జారినప్పుడూ వేల మంది ఒకే నిమిషంలో ఫోను తీస్తారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. అందుకే మామూలు రోజు ఎలా ఉంటుందో, గొడవ రోజు ఎలా ఉంటుందో రెండూ ముందుగా కొలిచి పెట్టుకోవాలి. ఆ కొలత లేకుండా ‘అసాధారణం’ అనే విశ్లేషణను నేనైతే చదవడం అక్కడే ఆపేస్తాను.

మాటలు కూడా కలిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. పన్నెండు పదాల వాక్యం అక్షరం పొల్లుపోకుండా రెండు వందల ఖాతాల్లో కనిపిస్తే, అది ఎక్కడో ఒకచోట రాసి పంచిందే. అన్నిటికంటే గట్టి గుర్తు తప్పులు. అందరూ ఒకే అచ్చుతప్పుతో రాశారంటే వాళ్లు రాయలేదు, అతికించారన్నమాట.

2019 ఫిబ్రవరిలో నిజనిర్ధారణ సంస్థ ఆల్ట్ న్యూస్‌కు చెందిన ప్రతీక్ సిన్హా ఈ సంగతిని చిలిపిగా రుజువు చేశారు. బీజేపీ ప్రచారకులు ట్వీట్లు ముందే రాసి గూగుల్ డాక్యుమెంట్లలో పెట్టుకున్నారు. వాటిని ఎవరైనా దిద్దగలిగేలా వదిలేశారు. ఆయన అందులోకి వెళ్లి పొగడ్తలను తెగడ్తలుగా మార్చారు. కాసేపటికి అప్పటి కేంద్ర సహాయ మంత్రి పొన్ రాధాకృష్ణన్ ఖాతా నుంచి సొంత ప్రభుత్వాన్నే తిట్టే ట్వీట్లు వెలువడ్డాయి. చదవకుండా అతికించారని చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం నాకు కనిపించలేదు.

బాట్ల వేటలో ఎవరు దొరుకుతారు

ఇలా అతికించే పద్ధతిని పెద్ద ఎత్తున లెక్కగట్టిన అధ్యయనం 2021లో వచ్చింది. మారిస్ యాకెష్, కిరణ్ గరిమెళ్ల, డీన్ ఎక్ల్స్, మోర్ నామన్ దాని రచయితలు. వీరిలో గరిమెళ్ల ఐఐఐటీ హైదరాబాద్‌లో చదువుకున్నవారు. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో బీజేపీకి మద్దతుగా నడిచే 600 వాట్సాప్ గ్రూపుల్లో చేరి చూశారు. ముందే రాసిన ట్వీట్ల జాబితాలతో, ఫలానా గంటకు ఫలానా హ్యాష్‌ట్యాగ్ అని పిలుపునిచ్చే 75 ప్రచారాలు వాళ్లకు దొరికాయి. ఆ ఎన్నికలు ముగిసేలోపు ఇలాంటి పిలుపులు దేశవ్యాప్తంగా వందల ట్రెండ్లను పుట్టించాయని వాళ్లు తేల్చారు.

ఇందులో నాకు ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉంది. ట్వీట్లు పెట్టినవాళ్లు యంత్రాలు కారు. జీతం తీసుకున్నవాళ్లని కూడా అనలేం. పార్టీ మీద ఇష్టంతో, తమ ఫోను నుంచి, తమ పేరుతోనే పెట్టిన మనుషులు. వేళను, మాటలను పైనుంచి ఎవరో నిర్ణయించారు, అంతే. బాట్ల కోసం, అంటే యంత్రాలు నడిపే ఖాతాల కోసం, గాలించే సాఫ్ట్‌వేర్‌కు వీళ్లు కనిపించరు. మరి ఇది మోసమా, ఊరేగింపులో అందరూ ఒకే నినాదం అరవడం లాంటిదా? అధ్యయనం ఆ గీత గీయలేదు. ఊరేగింపును రోడ్డు మీద చూసినవాడికి అది ఊరేగింపని తెలుస్తుంది. ట్రెండింగ్ పట్టికలో చూసినవాడు మాత్రం ఊరంతా అనుకుంటున్న మాట అనుకుంటాడు. అందుకే నా తీర్పు మోసం వైపే.

బాట్లను గాలించే సాఫ్ట్‌వేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. మళ్లీ ఊహాలెక్కే. లక్ష ఖాతాల్లో 5,000 నకిలీవి, మిగతా 95,000 మనుషులవి. సాఫ్ట్‌వేర్ 90 శాతం కచ్చితమైనదని కంపెనీ చెబుతుంది. నకిలీల్లో 4,500 దొరుకుతాయి, బాగానే ఉంది. అసలు మనుషుల్లోనూ పది శాతాన్ని, అంటే 9,500 మందిని, అది బాట్లనే అంటుంది. మొత్తం 14,000 మందిని పట్టుకుంటే మూడింట రెండొంతుల మంది నిర్దోషులు. పేరు చివర ఎనిమిది అంకెలున్న ఖాతా బాటే అన్న సూత్రం కూడా ఇలాంటిదే. కొత్తగా చేరినవారికి ట్విట్టరే తనంతట తాను అలాంటి పేరు తగిలిస్తుంది. మనవడు ఖాతా తెరిచిచ్చిన వనస్థలిపురం అమ్మమ్మ ఆ పేరు మార్చుకోవాలని కూడా అనుకోదు.

687 పెద్దదా, 15 పెద్దదా

2019 ఏప్రిల్ 1న ఫేస్‌బుక్ భారత రాజకీయాలకు సంబంధించిన కొన్ని పేజీలను, ఖాతాలను తీసేసింది. వాటిలో 687 కాంగ్రెస్ ఐటీ విభాగంతో సంబంధమున్న వ్యక్తులవని చెప్పింది. సిల్వర్ టచ్ అనే ఐటీ కంపెనీకి సంబంధించినవి 15 అంది. మర్నాడు శీర్షికలన్నీ 687 చుట్టూనే తిరిగాయి. తమ అధికారిక పేజీ ఏదీ పోలేదని కాంగ్రెస్ జవాబిచ్చింది.

పక్కనే ఉన్న ఇంకో అంకెను చూడండి. ఆ 687లోని పేజీలను అనుసరించేవాళ్లు మొత్తం సుమారు 2 లక్షల 6 వేలు. సిల్వర్ టచ్‌వైతే 15లో పేజీ ఒక్కటే, దాని వెనక 26 లక్షల మంది. అందులో మోదీ ప్రభుత్వానికి అనుకూలమైన రాతలు వచ్చేవి. ప్రకటనల మీద మొదటి గుంపు పెట్టింది సుమారు 39,000 డాలర్లు, రెండోది 70,000 డాలర్లు. ఖాతాలు లెక్కపెడితే ఒక పార్టీ దోషి, చేరిన జనాన్ని లెక్కపెడితే ఇంకో పార్టీ. సంఖ్యలు రెండూ నిజమే. ఏది ముందు చెప్పాలన్నది శీర్షిక పెట్టినవాడి చేతిలో ఉంది. తారుమారు గురించి రాసే వార్తలోనే తారుమారు దూరే చోటు ఇది.

డబ్బు జాడ మరో దారి. ఫేస్‌బుక్ భారత్‌లో తన రాజకీయ ప్రకటనల వివరాలను 2019 నుంచి యాడ్ లైబ్రరీలో అందరికీ తెరిచి పెట్టింది. రిపోర్టర్స్ కలెక్టివ్ అనే జర్నలిస్టుల బృందం, రాజకీయ ప్రకటనలను పరిశీలించే యాడ్.వాచ్ కలిసి 22 నెలల కాలానికి, 2019 ఫిబ్రవరి నుంచి 2020 నవంబరు వరకు, 5 లక్షల 36 వేల ప్రకటనలను జల్లెడ పట్టి 2022లో ఫలితాలు ప్రచురించాయి. బీజేపీ, దాని అభ్యర్థులు తమ పేరుతో వేసిన ప్రకటనలను 136 కోట్ల సార్లు చూశారు. పార్టీతో తమ సంబంధాన్ని దాచిన లేదా బయటపెట్టని 23 ప్రకటనదారులు ఆ పార్టీ కోసం 5.83 కోట్ల రూపాయలు పెట్టి వేసినవాటిని 131 కోట్ల సార్లు చూశారు. అంటే పార్టీ గొంతుకు దాదాపు సమానమైన రెండో గొంతు పేరు చెప్పకుండా మాట్లాడింది. దాని ఖర్చు ఏ అభ్యర్థి లెక్కలోనూ లేదు. అదే అధ్యయనం ఇంకోటి కూడా చూపించింది. పది లక్షల సార్లు కనిపించడానికి బీజేపీ వర్గం సగటున 41,844 రూపాయలు కడితే కాంగ్రెస్ వర్గం 53,776 కట్టింది. ఫేస్‌బుక్‌లో ప్రకటన ధర వేలంలో తేలుతుంది. జనం ఎక్కువగా స్పందించే ప్రకటనకు చవగ్గా చోటు దొరుకుతుంది. కాబట్టి ఈ 29 శాతం తేడా కావాలని చేసిన పక్షపాతమని సంఖ్యను బట్టి చెప్పలేం. కానీ తేడా ఉంది, ఎన్నికల్లో దాని బరువూ ఉంది.

ఏడు సెకన్లు, ఐదు లక్షల చూపులు

2023 నవంబరు 30, తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు పొద్దున ఎక్స్ (పాత ట్విట్టర్)లో ఏడు సెకన్ల వీడియో ఒకటి వచ్చింది. అందులో బీఆర్ఎస్ నేత కేటీఆర్ కాంగ్రెస్‌కు ఓటేయమంటున్నారు. కృత్రిమ మేధతో చేసిన వీడియో అది. పెట్టింది కాంగ్రెస్ ఖాతాయే. దాన్ని 5 లక్షల కంటే ఎక్కువ సార్లు చూశారని అల్ జజీరా 2024 ఫిబ్రవరిలో రాసింది.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు బీఆర్ఎస్ కంటే రాష్ట్రవ్యాప్తంగా ఎక్కువ వచ్చిన ఓట్లు సుమారు 4.8 లక్షలు. ఐదు లక్షల చూపులు, దాదాపు ఐదు లక్షల ఓట్ల తేడా. ఈ రెంటినీ ఒకే వాక్యంలో పెడితే చాలు, చదివినవాడి బుర్ర మిగతా కథ తానే అల్లుకుంటుంది. అలాంటి వాక్యం కనిపిస్తే పక్కన పెట్టేయండి. చూపు అంటే మనిషి కాదు. ఒక్కరే పదిసార్లు చూడొచ్చు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చూడొచ్చు, అప్పటికే ఓటేసి వచ్చినవాళ్లు చూడొచ్చు. అబద్ధమని తెలిసి నవ్వుకోవడానికి చూసినవాళ్లూ ఉంటారు. రాష్ట్రంలో ఓటర్లు 3 కోట్ల 26 లక్షలు.

ఎల్బీనగర్‌కు వద్దాం. ఇక్కడ ఫోన్లకు కొదవ లేదు, ఆ వీడియోకు అడ్డూ లేదు. చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లో హాస్టళ్ల నిండా పోటీ పరీక్షల పిల్లలే. ఎవరి చేతిలో చూసినా స్మార్ట్‌ఫోనే. ఎల్బీనగర్‌లో బీఆర్ఎస్ అభ్యర్థి దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి 22 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. బీజేపీ రెండో స్థానంలో, కాంగ్రెస్ మూడో స్థానంలో నిలిచాయి. హైదరాబాద్ నగరంలో కాంగ్రెస్‌కు సీటే రాలేదు, పల్లెల్లో అది దున్నేసింది. ఆన్‌లైన్‌లో వినిపించే హోరుకూ పెట్టెలో పడే ఓటుకూ నేరుగా దారి ఉంటే ఈ ఫలితం తలకిందులుగా ఉండాలి. నకిలీ వీడియో నేరమా కాదా అన్నది వేరే ప్రశ్న. ఒక్క ఓటు మార్చకపోయినా పోలింగ్ రోజున ఒకరి ముఖంతో అబద్ధం చెప్పించడం తప్పే.

2024లో ఇంకా బరువైన కేసు వచ్చింది. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్లు రద్దు చేస్తామన్నారు. ఏడాది తర్వాత లోక్‌సభ ఎన్నికల వేడిలో ఆ ప్రసంగాన్ని కత్తిరించి అతికించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు రద్దు చేస్తామన్నట్టు మార్చిన వీడియో తిరిగింది. ఢిల్లీ పోలీసులు ఏప్రిల్ 28న కేసు పెట్టారు. తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా బాధ్యులు కొందరు అరెస్టయ్యారు. ఇలాంటి వీడియోను పట్టుకోవడం ఇప్పుడు కష్టం కాదు. దాన్ని ఫ్రేములుగా విడగొట్టి పాత వీడియోలతో పోల్చితే అసలుది నిమిషాల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు రోజూ చేసే పని ఇదే. మొదట చేసిందెవరో తేల్చడం అంత సులువు కాదు. ఎక్స్‌లో అందరికంటే ముందు కనిపించిన పోస్టు దొరుకుతుంది. ముందు కనిపించినవాడే తయారుచేసినవాడని దానికి అర్థం కాదు, వాట్సాప్‌లో అందుకుని పెట్టినవాడు కావచ్చు.

వాట్సాప్ గోడ దగ్గర

మన కాలనీ రాజకీయాలు ఎక్కువగా నడిచేది వాట్సాప్‌లో. అక్కడి సందేశం పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప కంపెనీకి కూడా కనిపించదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న పుకార్లతో దేశంలో మూకహత్యలు జరిగాక, ఆ జులైలో వాట్సాప్ భారత్‌లో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు పరిమితం చేసింది. అప్పుడు గ్రూపులో గరిష్ఠంగా 256 మంది. ఐదు గ్రూపులకు పంపితే ఇంకా 1,280 మందికి చేరేది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చాట్‌కే పంపనిచ్చింది. ఆ రకం సందేశాలు 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించింది. కంపెనీ లెక్కను కంపెనీయే చెప్పింది, సరిచూసే వీలు బయటివాళ్లకు లేదు.

ఈ గోడ దాటడానికి పరిశోధకులకు దొరికిన సందు, లింకు నొక్కితే ఎవరైనా చేరగల బహిరంగ గ్రూపులు. గరిమెళ్ల, ఎక్ల్స్ 2020లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి వేలాది రాజకీయ గ్రూపుల నుంచి చిత్రాలు సేకరించి, కొన్నిటిని ఏరి జర్నలిస్టులతో పరీక్ష చేయించారు. పంచుకున్న చిత్రాల్లో దాదాపు 13 శాతం అప్పటికే అబద్ధమని తేలినవి. అబద్ధాల్లో చాలా భాగం కొత్తగా సృష్టించినవి కూడా కావు. పాత ఫొటోకు కొత్త వ్యాఖ్య తగిలించినవి, కొద్దిగా దిద్దినవి, మీమ్‌లు.

లక్షల చిత్రాల్లో ఒకే చిత్రం తాలూకు ప్రతులను పట్టుకునే ఉపాయం తెలుసుకోదగ్గది. ఫోను నుంచి ఫోనుకు వెళ్లేకొద్దీ ఫొటో నలుగుతుంది, అంచులు పోతాయి, మసకబారుతుంది. ఫైలుగా చూస్తే రెండు ప్రతులకు పోలికే ఉండదు. అందుకని చిత్రంలో వెలుగునీడల అమరికను కొన్ని సున్నాలు, ఒకట్ల వరసగా కుదిస్తారు. ఫేస్‌బుక్ 2019లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన పీడీక్యూ పద్ధతిలో ఆ వరస పొడవు 256 అంకెలు. రెండు చిత్రాల వరసల్లో పదీ ఇరవై అంకెలు తేడా వస్తే అది ఒకే చిత్రం నలిగిన రూపం. నూటముప్పై దాకా తేడా వస్తే సంబంధం లేనివి. వరద సాయం ఉత్తరం లాంటి కాగితం ఎన్ని గ్రూపుల్లో, ఏ వరసలో కనిపించిందో ఈ పద్ధతిలో గీయొచ్చు. అదీ బహిరంగ గ్రూపుల మేరకే. కాలనీ సంక్షేమ సంఘం గ్రూపులో, కుటుంబం గ్రూపులో ఏం తిరిగిందో అందులోకి రాదు. మనం అబద్ధాలను ఎక్కువగా నమ్మేది ఆ గ్రూపుల్లోనే.

తెలుగుతో ఇంకో ఇబ్బంది. ‘చేస్తున్నారు’ అన్న ఒక్క మాటను ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్ పెట్టి ఒకరు, తీసేసి ఒకరు, ఒక ఎన్ మింగేసి ఇంకొకరు రాస్తారు. మోకాలి లోతు నీళ్ల ఫొటో కింద ‘అబ్బో, ఏం అభివృద్ధండీ!’ అని రాస్తే, భావాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రశంస ఖాతాలో వేసుకుంటుంది. ‘ఎల్బీనగర్ ఓటర్లలో 62 శాతం సంతృప్తి’ లాంటి పట్టికలు ఇలాంటి సాఫ్ట్‌వేర్ల నుంచే ఊడిపడతాయి. తెలుగు వ్యంగ్యంతో దాన్ని పరీక్షించారా అని ఒక్క మాట అడిగితే పట్టిక అమ్మేవాడు తడబడతాడు. పెద్ద కంపెనీలకూ మన భాషల మీద అంత శ్రద్ధ లేదు. తప్పుడు సమాచారాన్ని వర్గీకరించడానికి ఫేస్‌బుక్ వెచ్చించే సమయం తాలూకు బడ్జెట్‌లో 87 శాతం అమెరికాకే పోతోందని, మిగతా ప్రపంచమంతటికీ 13 శాతమేనని 2021లో బయటపడ్డ ఆ సంస్థ పత్రాల్లో ఉంది.

లెక్క చూపించనివాడిని నమ్మొద్దు

ఈ రంగంలో విశ్లేషకులకు గుర్తుండాల్సిన కేసు ‘టెక్ ఫాగ్’. పాలక పార్టీ వాళ్లు ట్రెండ్లను చిటికెలో మార్చే రహస్య యాప్ వాడుతున్నారని ది వైర్ వార్తా వెబ్‌సైట్ 2022 జనవరిలో కథనం వేసింది. పార్లమెంటు దాకా గోల వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద వేసిన వేరే కథనాలు నిలబడక వెనక్కి తీసుకున్నాక, దీన్నీ తొలగించింది. యాప్‌ను బయటివాళ్లెవరూ స్వయంగా పరీక్షించి చూడలేదు. 600 గ్రూపుల అధ్యయనానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఆ అధ్యయనం పిలుపుల పాఠాన్నీ, లెక్క కట్టిన తీరునూ బయటపెట్టింది.

ప్రభుత్వాలు కూడా ఈ పరిభాష నేర్చుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో, చెట్లు కొట్టి చదును చేయడంపై రేగిన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంలో కృత్రిమ మేధతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలు నిజంగానే తిరిగాయి. చెట్లు నరికిన మాటా నిజమే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అలాంటి బొమ్మ ఒకటి పంచుకున్నందుకు ఐఏఎస్ అధికారిణి స్మితా సబర్వాల్‌కు పోలీసులు నోటీసిచ్చారు. దాన్ని పంచుకున్న 2,000 మందికీ ఇదే చర్య ఉంటుందా అని ఆమె అడిగారు. ప్రశ్నలో న్యాయం ఉంది. నకిలీ బొమ్మ ఉన్నంత మాత్రాన నిరసన నకిలీది కాదు. ఆ 2,000లో ఎందరు ఒకరి పిలుపుతో కదిలారు, ఎందరు తమంతట కదిలారు అన్నది లెక్కగట్టి చూపించాలి. చూపించకుండా ‘ఇదంతా వ్యవస్థీకృత దుష్ప్రచారం’ అనడం, రెండు స్క్రీన్‌షాట్ల టీవీ చర్చకంటే మెరుగైంది కాదు.

లెక్క చూపించడానికి డేటా దొరకాలి. అది ఏటికేడు కరువవుతోంది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో భారత్‌లో 335 మంది ఒక క్విజ్ యాప్ పెట్టుకుంటే, వాళ్ల స్నేహితులతో కలిపి 5,62,455 మంది వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పింది. అప్పటి నుంచి తలుపులు బిగించింది. దొంగలతో పాటు పరిశోధకులూ బయటే మిగిలారు. పరిశోధకులకు ఉచితంగా నెలకు కోటి ట్వీట్ల దాకా ఇచ్చిన ట్విట్టర్ 2023లో ఆ ఏర్పాటును ఎత్తేసింది. ఫేస్‌బుక్ పోస్టులు ఎలా పాకుతున్నాయో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న మూసేసింది.

యూట్యూబ్ తలుపు ఇంకా తెరిచే ఉంది. ప్రోగ్రాముతో డేటా అడిగేవాళ్లకు రోజుకు 10,000 యూనిట్ల ఉచిత కోటా ఇస్తుంది. ఒక వెతుకులాటకు 100 యూనిట్లు, వంద వ్యాఖ్యలు తెచ్చుకోవడానికి ఒక్క యూనిట్. తెలుగు రాజకీయ చానళ్ల కింద పడే వ్యాఖ్యల్లో ఒకే మాట ఎన్ని పేర్లతో, ఏ వేళల్లో వచ్చిందో చూడటానికి అది చాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో డేటా సైన్స్ కోర్సు చేసి, ప్రాజెక్టు కోసం ఇళ్ల ధరల పట్టికనే మళ్లీ మళ్లీ తిప్పే విద్యార్థులకు నాదొక విన్నపం. ఈ వ్యాఖ్యలు తీసుకోండి. పక్కన యాడ్ లైబ్రరీ తెరవండి. అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను అఫిడవిట్‌లో చెప్పాలని, సోషల్ మీడియా ప్రచారం మీద పెట్టే ఖర్చును ఎన్నికల ఖర్చులో చూపాలని భారత ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఎల్బీనగర్‌కైతే రంగారెడ్డి జిల్లా. ఆ అఫిడవిట్లు, ఆ లెక్కలు ఎవరు అడిగినా చూడొచ్చు. వాటిలోని ఖాతాల పేర్లను యాడ్ లైబ్రరీలో ఈ నియోజకవర్గం పేరుతో డబ్బు పెట్టిన పేజీలతో ఒక్కసారి పోల్చి చూడండి. తేడా ఎంత వచ్చిందో, ఎలా లెక్కగట్టారో రెండూ కలిపి ప్రచురించండి.